అంచనా మీరిన నూకరత్నం

ఆ ఏడు దేశంలోని విద్యాలయాల వరుసలో ఉభయతీర విశ్వవిద్యాలయానికి ఎన్నో స్థానం వచ్చిందో నేను చెప్పను. పైనుంచి వెతికినవాళ్ళకి కళ్ళు లాగాయి, కిందనుంచి వెతికినవాళ్ళకి చప్పున దొరికింది. గోదావరి జిల్లాలవాళ్ళం, మర్యాద తెలిసినవాళ్ళం కనుక అంతవరకే చెప్పుకుందాం.

మామూలు విద్యాలయమైతే ఇలాంటప్పుడు ఖాళీగా పడివున్న అధ్యాపకుల కొలువులు నింపుతుంది, ప్రయోగశాలలో కారుతున్న కప్పుకి మరమ్మతు చేయిస్తుంది. ఉభయతీరం అంత తేలిగ్గా లొంగే ఘటం కాదు. పిల్లలు పరీక్ష ఎందుకు తప్పుతున్నారో శాస్త్రీయంగా తేల్చడానికి 'విజయకారక పరిశోధన కేంద్రం' అని ఒకటి పెట్టింది. దానికి సంచాలకులు ఆచార్య మార్తాండరావు గారు. మనస్తత్వశాస్త్రంలో దిట్ట అని పేరు. ఆయన తరగతిలో అడుగుపెట్టి చాలాకాలమైంది కనుక పిల్లలకి ఆయనంటే గౌరవం చెక్కుచెదరలేదు.

కేంద్రం తలలు బద్దలు కొట్టుకుని చివరికి తేల్చింది. మంచి మార్కులకి కారణం చదవడమేననేది జనంలో పాతుకుపోయిన అపోహ. అసలు కారణాలు మనసులో ఉంటాయి, ఇంట్లో ఉంటాయి, వీధిలో ఉంటాయి. ఇంట్లో ప్రోత్సాహం ఉండాలి. చదువుకోడానికి విడిగా గది ఉండాలి. చుట్టూ నిశ్శబ్దం, పక్కన మంచి స్నేహాలు, లోపల ఆత్మవిశ్వాసం ఉండాలి. ఇవన్నీ ఉన్నవాడికి మార్కులు వాటంతటవే వస్తాయి. లేనివాడు తలకిందులుగా తపస్సు చేసినా రావు.

ఇందులో పచ్చి అబద్ధమేమీ లేదు సుమండీ. మన ఇళ్ళల్లో అమ్మమ్మలకి కూడా ఎంతోకొంత తెలిసిన సంగతే. కాకపోతే అమ్మమ్మలు దాన్ని పట్టుకుని కూడికలూ తీసివేతలూ చెయ్యలేదు. మార్తాండరావు గారు చేశారు.

ముందు హాస్టలు గదుల్లో నిలువుటద్దాలు వెలిశాయి. పిల్లలు పొద్దున్నే వాటిముందు నిలబడి "నేను సమర్థుణ్ణి" అని బిగ్గరగా అనాలి. స్నానాల గదుల దగ్గర వరస పెరిగింది తప్ప ఇంకే నష్టమూ జరగలేదు. తరవాత, ఒత్తిడికి ప్రధాన కారణం పుస్తకాలేనని తేలడంతో పరీక్షల నెలలో గ్రంథాలయానికి తాళం పడింది. 'ఒత్తిడి లేని ప్రాంగణం' అని గేటు దగ్గర పెద్ద బోర్డు పెట్టారు. పుస్తకాలకోసం తిరిగే పిల్లలు ఎండకి ఆ బోర్డు నీడలోనే నిలబడేవారు.

ఆ వెనకే ప్రశ్నావళి వచ్చింది. ప్రతి విద్యార్థీ తన ఇల్లూ వాకిలీ మనసూ మమతా గురించి నింపి ఇవ్వాలి. అది కంప్యూటరులో వేస్తే, ఈ మనిషికి ఆఖరి పరీక్షలో ఎన్ని మార్కులు రావాలో అది చెప్పేస్తుంది. దాని పేరు 'అంచనా మార్కు'. వెనకటికి పురిట్లో జాతకం రాయించేవారు, ఇక్కడ ఎమ్మెస్సీలో రాయించారు.

"అన్నిటికీ 'అవును, పుష్కలంగా' అని కొట్టెయ్యండ్రా, పీడా పోతుంది" అని సీనియర్లు ఉపదేశించారు. అందరూ అలాగే కొట్టేశారు. కొట్టెయ్యనిది ఒక్క నూకరత్నమే.

గుత్తుల నూకరత్నం చదివేది వృక్షశాస్త్రం. అమ్మానాన్నా ఊహ తెలియకముందే పోతే మేనత్త భూలక్ష్మి పెంచింది. భూలక్ష్మి ఎండుచేపల బుట్ట నెత్తినెట్టుకుని కాలవగట్టు ఊళ్ళన్నీ తిరిగి అమ్ముకొచ్చే మనిషి. "నెత్తళ్ళో! సావిడాయలో!" అని ఆవిడ ఈ గట్టున కేకేస్తే ఆ గట్టున పిల్లులు లేచి కూర్చునేవి. ఆ గొంతుతోనే మేనకోడల్ని తిట్టేది కూడా. లేస్తే తిట్టు, కూర్చుంటే తిట్టు, అన్నం తక్కువ తింటే రెండు తిట్లు. ఆ భూలక్ష్మికి లోకంలో ఒక్కటంటేనే భయం, ప్రభుత్వం వారి కాగితం. "గవర్నమెంటోళ్ళ కాయితం మీద అబద్ధం రాత్తే ఉన్న రేషన్ కార్డు ఊడుద్దే" అని పిల్లకి ఉగ్గుపాలతో నేర్పింది. అంచేత నూకరత్నం నిజమే రాసింది.

ఇంట్లో మిమ్మల్ని ప్రోత్సహించేవారెవరు? 'ఎవరూ లేరు. అత్త తిడుతుంది.' ప్రత్యేకమైన గది ఉందా? 'ఉన్నది ఒకటే గది. అందులో సగం చేపల బుట్టలు.' నిశ్శబ్ద వాతావరణం? 'పక్కన పీచు మిల్లు. కరెంటు పోయినప్పుడు నిశ్శబ్దం.' స్నేహితులతో ఎంతసేపు గడుపుతారు? 'బస్సు ఆలస్యమైనంతసేపు.' విజయం సాధించగలనని నమ్ముతున్నారా? 'పరీక్ష రాశాక చెబుతాను.'

కంప్యూటరు ఆ పిల్ల బతుకుని నమిలి మింగి, ముప్పయ్యొకటి అని కక్కింది. అప్పట్లో దాన్నెవరూ పట్టించుకోలేదు, నూకరత్నం అసలే పట్టించుకోలేదు. పరీక్షలు రాసింది, బాగా రాసింది. రాశాక నమ్మకం కూడా కుదిరింది.

ఆ నమ్మకంతోనే కొబ్బరి పరిశోధన కేంద్రంలో చిన్న ఉద్యోగానికి వెళ్ళి మాట్లాడొచ్చింది. కొబ్బరాకులకి పట్టే తెల్లదోమ మీద పని. వాళ్ళకి పిల్ల నచ్చింది. అరవైకి తగ్గకుండా మార్కులున్న జాబితా పట్టుకుని నెలాఖరులోగా వస్తే చేర్చుకుంటామన్నారు, రాకపోతే వెనక నిలబడ్డవాళ్ళని పిలుస్తామన్నారు. నూకరత్నం ఆ రాత్రి అత్త మోకాళ్ళకి కొబ్బరినూనె మర్దన చేస్తూ ఆ సంగతి చెప్పలేదు. ముందు చేతికి రానీ, తరవాత ఆ బుట్ట అత్త నెత్తిమీంచి నేనే దించి అటకెక్కిస్తాను అనుకుంది. అత్త మోకాళ్ళు ఆ బుట్టని ఇంకో ఏడు మొయ్యవని ఆ పిల్లకి తెలుసు.

ఫలితాలొచ్చాయి. నూకరత్నానికి తొంభై ఒకటి. ఎదురుగా ఎర్ర అక్షరాలు: 'అంచనాతో పొసగనందున నిలుపుదల చేయడమైనది.'

పక్కనే పిండిప్రోలు ఫణిశేఖర్ గోడకి చేరగిలబడి చెమటలు తుడుచుకుంటున్నాడు. ఆ పిల్లవాడు మంచివాడే కానీ మొక్కకీ వాడికీ బొత్తిగా పడదు. వాడికొచ్చినవి ఇరవై రెండు.

"తప్పావా?" అంది నూకరత్నం జాలిగా.

"తప్పితే బాగుండేదే! నా ప్రశ్నావళికి అంచనా ఎనభై ఎనిమిదంట. తక్కువొచ్చినోళ్ళకి అంచనాదాకా కలపాలని రూలంట. కలిపేశారు. నీది ఆపేశారు కదా, మిగతా అందరికీ అవే ఎనభై ఎనిమిది, చీటీ తీస్తే బంగారు పతకం కూడా నాకేనంట." ఫణిశేఖర్ మళ్ళీ చెమట తుడుచుకున్నాడు. "రేప్పొద్దున ఎవరైనా చెట్టు చూపించి పేరడిగితే నేనేమైపోవాలి చెప్పు!"

వాడి భయం చూస్తే నూకరత్నానికి తన బాధ కాసేపు మరుపొచ్చింది. కాసేపే. ఆ పిల్ల తిన్నగా మార్తాండరావు గారి గదికి వెళ్ళింది.

ఆచార్యులవారు ఎంతో ఆదరంగా కూర్చోబెట్టారు.

"నీ నిజాయితీని నేను శంకించడం లేదమ్మా. వ్యక్తిగా నాకు నీమీద పూర్తి విశ్వాసం ఉంది. నిన్ను శంకిస్తున్నది సిద్ధాంతం."

"నేను రాసిన పేపర్లు ఉన్నాయి కదా సార్. తీసి చూడండి."

"చూశాం. ఉత్తమంగా ఉన్నాయి. అదే కదా ఆందోళన కలిగిస్తున్న అంశం! ప్రతికూల కారకాల నడుమ ఉత్తమ సాధన సంభవించరాదు. సంభవించినచో మా పరిశోధన తప్పు కావాలి. మా పరిశోధనకి పురస్కారం వచ్చింది. కనుక అది తప్పు కాదు."

"పోనీ, మీ ఎదురుగా మళ్ళీ రాస్తాను సార్. మీరే ప్రశ్నలివ్వండి."

మార్తాండరావు గారు నిజంగానే కంగారుపడ్డారు. "అయ్యయ్యో! మళ్ళీ రాసి మళ్ళీ అవే తెచ్చుకున్నావనుకో, సమస్య రెట్టింపవుతుంది కదమ్మా!"

 నూకరత్నం నెలాఖరు గడువు సంగతి చెప్పి బతిమాలింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఒక దారుందన్నారు. ఆ ఇంట్లో ఎక్కడో గుప్త ప్రోత్సాహం ఉండి ఉండాలి. పిల్ల అమాయకత్వంకొద్దీ రాయడం మరిచిపోయి ఉంటుంది. నిర్ధారణ సంఘం స్వయంగా వెళ్ళి దాన్ని వెలికి తీస్తే అంచనా పెరుగుతుంది, ఫలితం వెలువడుతుంది.

సంఘం వచ్చింది. మార్తాండరావు గారూ, చప్పుడు కొలిచే యంత్రం పట్టుకున్న ఒకాయనా, రాసుకునే ఆవిడా. యంత్రాన్ని పీచు మిల్లు వైపు తిప్పేసరికి దాని ముల్లు చివరికంటా వెళ్ళి మరి వెనక్కి రాలేదు. రాసుకునే ఆవిడ చీరచెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

భూలక్ష్మి అప్పుడే బుట్ట దించి మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉంది. ముగ్గుర్నీ చూసి లేచింది. "ఒసేయ్ రత్నం! గుడ్లప్పగించి నుంచున్నావేంటే గుంజలాగ! ఎండనపడి వచ్చారు, మజ్జిగిచ్చి చావవే! దీనికి బుద్ధెప్పుడొత్తాదో ఏంటో. కూకోండి బాబూ, బుట్ట పక్కకి జరిపి కూకోండి."

మార్తాండరావు గారు బుట్టకి దూరంగా చాప అంచున ఆసీనులై, "మీరు నూకరత్నాన్ని ఎప్పుడైనా ప్రశంసించారా?" అని అడిగారు.

"అంటే?"

"మెచ్చుకున్నారా అని. బాగా చదువుతున్నందుకు."

"చదవడానికే కదండీ పంపించాను. బస్సు డ్రైవరు బస్సు నడుపుతున్నాడని మీరు చప్పట్లు కొడతారేంటండి?"

"పోనీ, లక్ష్యసాధన దిశగా ఉత్తేజపరిచిన సందర్భం ఏదైనా?"

భూలక్ష్మి మేనకోడలి వంక చూసింది. నూకరత్నం దొంగతనంగా తలూపి, ఉందని చెప్పమని సైగ చేసింది. అప్పుడు భూలక్ష్మి కన్ను రాసుకునే ఆవిడ చేతిలోని కాగితం మీద పడింది. కాగితం తల మీద ప్రభుత్వ ముద్ర ఉంది. ఇంకేముంది!

"లేదండి. తిట్టాను. రోజూ తిట్టాను. పండగపూట కూడా తిట్టాను. ఉన్నమాట చెప్పాలి కదండీ, కార్డున్నోళ్ళం."

సంఘం మజ్జిగ తాగి, భూలక్ష్మి బలవంతాన పొట్లం కట్టిచ్చిన నెత్తళ్ళు కూడా పుచ్చుకుని వెళ్ళింది. వారం తిరక్కుండా నివేదిక ఇచ్చింది. గృహవాతావరణం ఊహించినదానికంటే ప్రతికూలం. నిరంతర దూషణ ప్రత్యక్షంగా ధ్రువపడింది. కనుక అభ్యర్థిని అంచనా మార్కు ముప్పయ్యొకటి కాదు, పందొమ్మిది.

 నెల చివరికొచ్చేసింది. నూకరత్నం రిజిస్ట్రారు గారిని కలిసింది. ఆయన సాధువు, ఎవరికీ హాని చెయ్యనివాడు, ఉపకారం చేసినట్టు కూడా దాఖలా లేదు.

"చూడమ్మా, దీనికి మార్గాలు రెండు. కారకాలను మార్కుల స్థాయికి పెంచడం. అది నీవల్ల కాదని తేలిపోయింది. మార్కులను కారకాల స్థాయికి దించడం. అది మావల్ల అవుతుంది. నియమం ప్రకారం పందొమ్మిదే వెయ్యాలి. కానీ ఆడపిల్లవి, తల్లిదండ్రులు లేరు, మానవతా దృక్పథంతో ముప్పయ్యయిదు వేసి ఉత్తీర్ణురాల్ని చేస్తాం. సమ్మతిపత్రం రాసిస్తే ఈపూటే చేతికిస్తాం."

"ముప్పయ్యయిదైతే నాకు ఉద్యోగం రాదు సార్."

"పట్టా వస్తుంది కదమ్మా! ఉద్యోగానికేం, ఈ కాలంలో ఎవరికొస్తోంది?" అన్నారాయన ఎంతో ఓదార్పుగా.

ఆలోచించుకుని రేపు చెబుతానని వచ్చేసింది. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. భూలక్ష్మి బుట్ట దించి, అన్నానికి లేవలేదని తిట్టి, లేవకపోయేసరికి పక్కన కూర్చుంది. అప్పటిదాకా ఏడుపు బిగబట్టుకున్న ఆ పిల్ల అప్పుడు భోరుమంది. తెల్లదోమ ఉద్యోగం, నిలిపేసిన ఫలితం, ముప్పయ్యయిదు మార్కుల దయ, అన్నీ చెప్పేసింది. ఆఖరికి బుట్ట దించుదామనుకున్న సంగతి కూడా నోరుజారింది.

భూలక్ష్మి చెంగుతో పిల్ల మొహం తుడిచింది. తిట్టకపోయేసరికి నూకరత్నానికి తిట్టినదానికంటే భయం వేసింది.

"అంటే, నేను తిట్టానని నీ మార్కులు కోసేశారా?"

"అవునత్తా."

"ఏడవకు. ఏడిత్తే నాకు ఒళ్ళు మండుద్ది. లేచి అన్నం తిను. తెల్లారి నేనొత్తాను."

తెల్లారి భూలక్ష్మి నీలంచీర కట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ విశ్వవిద్యాలయం మెట్లెక్కింది. ఉపకులపతి గారి గదిలో మార్తాండరావు గారూ రిజిస్ట్రారు గారూ ఉన్నారు. బంట్రోతు అడ్డం రాబోయాడు కానీ, చేపలబుట్ట లేకపోయినా భూలక్ష్మికి దారివ్వడం అందరికీ అలవాటే.

"ఏవండీ పెద్దయ్యగారూ! మీరేనా ఈ బడికి పెద్ద?"

ఉపకులపతి గారు తానేనని ఒప్పుకున్నారు.

"మా పిల్ల తెల్లారగట్ల లేచి, చెవుల్లో దూది కుక్కుకుని, మిల్లు మోతలో చదివిందండి. చేపల కంపులో చదివింది. నా నోరు భరించి చదివింది. ఇన్ని ఉన్నాయి కాబట్టి దానికి మార్కులు రాకూడదంటారా? ఇన్నున్నా తెచ్చుకుంది కాబట్టి, న్యాయంగా అయితే నాలుగెక్కువెయ్యాలండి! బుద్ధుందా మీకు? ఇంతమంది కుర్చీలేసుక్కూకున్నారు, పిల్ల రాసింది చదివారు, బాగుందన్నారు, మళ్ళీ కాదన్నారు! నోట్లో బెల్లం పెట్టుకుని చేదంటారేంటండి!"

"అమ్మా, కొంచెం శాంతించి..." అని రిజిస్ట్రారు గారు అందుకోబోయారు.

"మీరుండండి బాబూ, పెద్దోళ్ళు మాట్లాడుకుంటున్నాం." భూలక్ష్మి కళ్ళు బల్ల మీదికి వెళ్ళాయి. "ఆ గుట్టలేంటండి, ఆ కాయితాలు ఎప్పుడు చూత్తారు? వాటిల్లో ఎంతమంది పిల్లల బతుకులున్నాయో! ఆ ఉప్మా ఏంటి, పొద్దున తెచ్చింది అలాగే చల్లారి గడ్డకట్టింది, తినకుండా ఏం పెత్తనం చేత్తారు? అద్దంలో చూసుకున్నారా? ఎండబెట్టిన సావిడాయలాగున్నారు! చెప్పేవాళ్ళు లేక ఇలాగయ్యారు మీరు. ముందు తినండి! తిని, మా పిల్లది తేల్చండి!"

 మార్తాండరావు గారు కళ్ళు మూసుకున్నారు. ఉపకులపతి గారు మాత్రం బల్లకేసి చూస్తూ ఉండిపోయారు. ఆయన్ని సన్మానించినవారున్నారు, స్తోత్రం చేసినవారున్నారు, వెనకాల ఆడిపోసుకునేవారు కొల్లలు. మొహమ్మీద తిట్టిన ఆఖరి మనిషి ఆయన తల్లి. ఆవిడ పోయి ఎన్నో ఏళ్ళయింది. ఆయన మెల్లగా ఉప్మా పళ్ళెం దగ్గరికి లాక్కుని, ఒక్క రవ్వ మిగల్చకుండా తిన్నారు. తిని, చెయ్యి కడుక్కొచ్చి, గుట్టలోంచి మొదటి ఫైలు తీశారు.

సాయంత్రానికి బల్ల ఖాళీ అయింది. ఏళ్ళతరబడి కదలని ఫైళ్ళు గుమ్మం దాటి వెళుతుంటే గుమాస్తాలు లేచి నిలబడి చూశారు. నూకరత్నం కాగితం మాత్రం ఆ గుట్టలో లేదు, అది మార్తాండరావు గారి కేంద్రంలోనే ఉండిపోయింది.

మామూలు మనిషైతే ఇందులోంచి మామూలు పాఠమే నేర్చుకునేవాడు. ఉపకులపతి గారు మార్తాండరావు గారిని పిలిపించారు. "ఆచార్యా! నాలో ఈ అపూర్వ కార్యదక్షత ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆ మహిళ తిట్టడం వల్ల కదా! మనం దూషణను ప్రతికూల కారకాల్లో వేశామే!"

మార్తాండరావు గారు పురస్కారం పుచ్చుకున్న మనిషి, ఊరికే పుచ్చుకోలేదు. క్షణం ఆలోచించారు. "పొరపాటున గుర్తు మారింది మహాశయా. తీసివేత పడిన చోట కూడిక ఉండాలి. ఇకనుంచి దానిని 'ప్రేరణాత్మక దూషణ' అని వ్యవహరిద్దాం."

మర్నాడే ప్రేరణాత్మక దూషణ విభాగం తెరిచారు. అధ్యాపకులంతా విద్యార్థుల్ని తిట్టాలని ఉత్తర్వు. సమావేశ మందిరంలో పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి ప్రయోగం మొదలుపెట్టారు. సంస్కృతం ఆచార్యులు లేచి, "ఓయీ మందబుద్ధీ! నీ అలసత్వము మా హృదయమును మిక్కిలి క్షోభింపజేయుచున్నది" అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టి, "మళ్ళీ, మళ్ళీ!" అని అరిచారు. రసాయనశాస్త్రం ఆయన బ్రహ్మాండంగా తిట్టారు కానీ, అవన్నీ నిలిచిపోయిన కరువుభత్యం గురించి కావడంతో లెక్కలోకి తీసుకోలేదు. తెలుగు ఆవిడ ఒక పిల్లవాణ్ణి తిట్టబోయి, వాడి మొహం చూసి, "జ్వరమొచ్చిందా నాన్నా?" అని అడిగేసింది. ఆవిడకి మెమో ఇచ్చారు.

ఇలా లాభం లేదని భూలక్ష్మికి కబురెట్టారు. శాలువా కప్పారు. 'విశిష్ట దూషణాచార్య' అనే పదవి సిద్ధం చేశామనీ, వారానికొక పూట వచ్చి తిట్టిపోతే చాలుననీ, వాహనం కూడా పంపుతామనీ మార్తాండరావు గారు విన్నవించుకున్నారు.

భూలక్ష్మి మందిరం నిండా కూర్చున్న పిల్లల్ని ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసింది. 

"నావల్ల కాదండి."

"ఏమమ్మా? మీకు సహజసిద్ధమైన విద్య కదా!"

"ముక్కూ మొహం తెలీని పిల్లల్ని ఏమని తిట్టనండి? ఆళ్ళు అన్నం తిన్నారో లేదో నాకు తెల్దు. నిద్రోయారో లేదో తెల్దు. ఏవీ తెలీకుండా నోరు పారేసుకుంటే అది తిట్టెలాగవుద్దండి? బూతవుద్ది." శాలువా మడతపెట్టి కుర్చీ మీద పెట్టేసి, బల్ల చివర నిలబడ్డ మేనకోడలి చెయ్యి పట్టుకుంది. "ముందు దీని సంగతి తేల్చండి. గడువు రేపటితో సరి."

'సహకరించలేదు, కారణం అస్పష్టం' అని మార్తాండరావు గారు రాసుకున్నారు.

మర్నాడు, గుర్తు మార్చిన లెక్క ప్రకారం నూకరత్నం అంచనా మళ్ళీ కట్టారు. రోజూ తిట్టు, పండగపూట కూడా తిట్టు, అన్నీ కూడికలే. మొత్తం తొంభై ఏడు వచ్చింది. రిజిస్ట్రారు గారు సంతోషంగా నూకరత్నాన్ని పిలిచారు.

"శుభం! ఇప్పుడు నీ సాధన అంచనాకంటే తక్కువ. ఇహ విచారణే లేదు. నియమం ప్రకారం ఆరు మార్కులు కలిపి తొంభై ఏడు ఇస్తున్నాం."

"నేను రాసింది తొంభై ఒకటే కదా సార్. నావి నాకిచ్చెయ్యండి, చాలు."

రిజిస్ట్రారు గారు నియమావళి ముందుకీ వెనక్కీ తిరగేశారు. పాపం, ఆ పిల్లకోసం చిత్తశుద్ధితోనే వెతికారు. "అంచనాకు తక్కువైతే కలిపి ఇవ్వడం ఉంది. ఎక్కువైతే ఆపడం ఉంది. రాసినన్ని ఇచ్చే పద్ధతి ప్రస్తుతం అమలులో లేదమ్మా."

బయట బస్సు హారను కొట్టింది. అది పోతే పరిశోధన కేంద్రం మూసేవేళకి అందదు. నూకరత్నం మార్కుల జాబితా అందుకుని పరిగెత్తింది.

పొద్దుగూకుతుండగా ఇల్లు చేరింది. ఒకటో తారీకునుంచి రమ్మన్నారు. అత్తతో ఏమీ చెప్పకుండా వాకిట్లో బుట్ట తీసుకెళ్ళి, మూకుడూ తక్కెడతో సహా అటక మీద పెట్టేసింది.

"దాన్నెందుక్కదుపుతున్నావే, పొద్దున్నే నాకు కావాలి!"

"అక్కర్లేదత్తా. ఇంకెప్పుడూ అక్కర్లేదు."

భూలక్ష్మికి అర్థమైంది. కళ్ళు తుడుచుకుంటూ, పొయ్యి పొగని తిట్టింది. మిల్లు ఆగలేదని మిల్లుని తిట్టింది. ఆ తరవాత జాబితా చేతిలోకి తీసుకుని దీపం దగ్గరికి వెళ్ళింది. చదువు రాకపోయినా అంకెలు బాగా తెలిసిన మనిషి.

"నువ్వు రాసింది తొంభై ఒకటన్నావు. ఇందులో తొంభై ఏడుందేంటే? ఆ ఆరూ ఎవరివి? గవర్నమెంటోళ్ళ కాయితమే ఇది!"

"నీవే అత్తా. నువ్వు తిట్టినందుకు వేశారు."

భూలక్ష్మి కాగితం వంకా పిల్ల వంకా మార్చి మార్చి చూసింది.  అత్తకి ఏడుపొస్తోందనుకుని నూకరత్నం దగ్గరగా వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి విదిలించి కొట్టింది భూలక్ష్మి.

"ఇన్నేళ్ళు రాత్రనకా పగలనకా గొంతు చించుకుంటే ఆరేనంటే ఇచ్చింది?"